రెండో వరుస, ఏడో కుర్చీ

అక్టోబరు రెండో శుక్రవారం.
నదికి ఇవతల మొక్కజొన్న కోసేశారు,
మోళ్ల మీద మంచు దిగుతోంది.
పార్కింగ్ లాట్‌లో మాత్రం మంగళవారం నుంచే గుడారాలు.
ఆట కోసం కాదు, ఆటకింకా మూడు వారాలుంది.
మొదలవబోతోందన్న మాట కోసం.

నేను లైట్లవాణ్ణి. వెండెల్.
ఇరవై రెండేళ్లుగా ఈ హాల్లో
చీకటి చేయడం నా ఉద్యోగం.
వెలిగించడం ఎవడైనా చేస్తాడు.
పన్నెండు వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టేలా
ఆర్పడానికి చెయ్యి తిరగాలి.

సాయంత్రం నాలుగింటికి అసిస్టెంట్ కోచ్ మెరిట్ వచ్చి
తెల్ల టేపు మీద మార్కర్‌తో ఓ పేరు రాసి
రెండో వరుస ఏడో కుర్చీకి అంటించాడు.
పక్క కుర్చీకి ‘అమ్మ’ అని.
ఆవిడ పేరు అడగడం మర్చిపోయినట్టున్నారు.

రూలు ప్రకారం ఆ పేరు మైకులో పలకకూడదు.
సంతకం పెట్టేదాకా ఆ కుర్రాడు ఈ ఊళ్లో లేనట్టే లెక్క.
అందుకే మావాళ్లెవరూ పలకలేదు.
పిల్లలే, వాళ్లంతట వాళ్లే,
మూడు వందల అట్టల మీద ఒకే రకం అక్షరాల్లో
అతని పేరు పట్టుకొచ్చారు.
ఆఫీసు కాపీ మెషీన్‌లో ఎర్ర సిరా ఎలా అయిపోయిందో
నేనడగలేదు.

అర్ధరాత్రి. ఆర్పాను.
పొగ. డ్రమ్ములు.
మోటారుసైకిల్ మీద కోచ్‌గారి రాక,
ఎన్నడూ నడపని మనిషి, రెండు కాళ్లూ నేలకి ఈడుస్తూ.
అప్పుడు ఏ మూలో మొదలై,
టా-రి-యన్. టా-రి-యన్.
ఇనప మెట్లు అదిరాయి,
నా బల్ల మీది కాఫీలో వలయాలు.

పదిహేడేళ్లు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు.
మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
పక్కకి తిరిగి కూర్చున్నాడు.
అటు లైటు కొట్టమని హెడ్‌ఫోన్‌లో అరిచారు.
కొట్టాను, రూలుకి గజం ఇవతల, మెట్ల మీద.
వెలుగు అంచు అతని బూటుని తాకింది.

వాళ్లమ్మ నిద్రపోతోంది.
డేటన్‌లో రాత్రి షిఫ్టు చేసి
నాలుగు గంటలు కారు తోలుకొచ్చిన మనిషి,
పన్నెండు వేల గొంతుల నడుమ
నోరు కొంచెం తెరుచుకుని.
అతనొక చేత్తో ఆవిడ చెవి మూశాడు.
ఇంకా గట్టిగా అరిచారు.
రెండో చేత్తో రెండో చెవి.
చెయ్యి ఊపు, చెయ్యి ఊపు, అంటోంది హాలంతా.
అతని దగ్గర ఖాళీ చెయ్యి లేదు.

బెంచి చివర, నాలుగో ఏడు చదివే వీస్,
అతను వస్తే ఆ చోటు పోయేది ఇతనికే,
చప్పట్లు కొడుతున్నాడు,
ఎవరో లెక్కపెడుతున్నారన్నట్టు.

నవంబరులో సంతకమైంది. ఇక్కడ కాదు.
పొగకెంత, సిరాకెంత, మోటారుసైకిల్ అద్దెకెంత,
పైన మీటింగు పెట్టారు.
గొంతులు చాలలేదన్నారొకరు.
ఎక్కువయ్యాయన్నారొకరు.
రెండో టేపు ముక్క సంగతి ఎవరూ ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు, నన్ను పిలవలేదు కూడా.

ఏడాది దాటాక, ఒక ఫిబ్రవరిలో
వేరే రంగు చొక్కాలో వచ్చాడు.
అవే గొంతులు, అవే మూడు దెబ్బలు,
టా-రి-యన్, ఈసారి చివరి అక్షరాన్ని
బురదలోంచి బూటు లాగినట్టు లాగుతూ.
ఫ్రీ త్రో గీత దగ్గర ఒక్కసారి తలెత్తి
రెండో వరుస కేసి చూశాడు.
రెండూ వేశాడు.
అవతలి జట్టు చుట్టాల మధ్య వాళ్లమ్మ,
మెలకువగా, నిలబడి.

మళ్లీ అక్టోబరు. ఏడో కుర్చీ గీకుతున్నాను.
టేపు కింద టేపు, దాని కింద ఇంకోటి,
సగం ఊడిన పేర్లు, వచ్చినవాళ్లవీ రానివాళ్లవీ,
గోళ్ల నిండా జిగురు.
మెరిట్ మార్కర్ మూత తీశాడు.
పక్క కుర్చీకి ఆవిడ పేరు కనుక్కుని రాయమన్నాను.
నా వైపు వింతగా చూసి
ఫోన్ తీశాడు.

బయట గుడారాల దగ్గర ఎవరో
డ్రమ్ము బిగించుకుంటున్నారు.
నేను పైకెక్కాలి,
చీకటి సర్దుకోవాలి.